డెంకణికోట సీమ, సరిహద్దు తెలుగు నవల: ఉనికి, లేమి

తమిళనాడు కృష్ణగిరి జిల్లాలోని డెంకణికోట, హోసూరు, తళి, వేపనపల్లె ప్రాంతాల తెలుగువాళ్లు రాష్ట్రాల గీతలు గీసినప్పుడు అవతల మిగిలిపోయినవాళ్లు. ఇక్కడివాళ్లకు తెలుగు వలస వచ్చాక నేర్చుకున్న భాష కాదు, అప్పు తెచ్చుకున్న భాష కాదు. ఇంట్లో మాట, చేలో మాట, చావుకీ పెళ్లికీ పాడుకునే మాట. ఈ సీమనూ, ఇలాంటి ఇతర సరిహద్దు సీమలనూ రాసిన నవలల్లో, పెద్ద కథల్లో రెండు సంగతులు ఎప్పుడూ పెనవేసుకునే కనిపిస్తాయి. ఒకటి, మేమెవరం అన్న ప్రశ్న. రెండోది, ఈ పూట గడిచేదెలా అన్న ప్రశ్న. విమర్శకులు చాలాసార్లు వీటిని విడదీసి, మొదటిదాన్ని అస్తిత్వ సాహిత్యమనీ రెండోదాన్ని వర్గ సాహిత్యమనీ వేర్వేరు అరల్లో సర్దుతారు. డెంకణికోట వైపు నుంచి చూస్తే ఆ విభజన నిలబడదు. మడక పట్టడం మానేసిన ఇంట్లో మడక చుట్టూ ఉన్న మాటలు ఒక తరంలోనే మాయమైపోతాయి. సంపాదన ఏ భాషలో దొరుకుతుందో బడి ఆ భాషలోకి మారుతుంది. పేదరికాన్ని రాయకుండా ఇక్కడి తెలుగుతనాన్ని రాయడం సాధ్యం కాదు.

సీమ, దాని పాలనా చరిత్ర

హోసూరుకు దక్షిణంగా, కర్ణాటక గీతను ఆనుకుని, మైసూరు పీఠభూమి అంచున డెంకణికోట ఉంది. ఊళ్లో బేటరాయస్వామి గుడి, చుట్టూ రాగి చేలు, ఉలవ చేలు, చింతచెట్లు, ఇంకా ముందుకు పోతే అంచెట్టి, బెట్టముగిలాళం అడవులు. సంతలో ఒకే బేరం తెలుగులో మొదలై కన్నడంలో సాగి తమిళంలో తెగడం ఇక్కడ వింత కాదు. కోలారు, బెంగళూరు పల్లెలు, హోసూరు, చిత్తూరు జిల్లా పడమటి భాగం కలిసిన పాత సీమకు మొరసునాడు అని పేరు. ఇప్పటి మూడు రాష్ట్రాల గీతలు ఆ నాడు మీదుగానే పోయాయి.

ఈ పాలనా చరిత్ర తెలియకపోతే ఇక్కడి నవల కూడా సరిగా అర్థం కాదు. 1792లో టిప్పు సుల్తానుతో కుదిరిన శ్రీరంగపట్నం ఒప్పందంతో బారామహల్ ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చింది. హోసూరు, డెంకణికోటల ఎగువ సీమ 1799లో టిప్పు పతనం తర్వాత కలిసింది. బారామహల్లో అలెగ్జాండర్ రీడ్, ఆయన కింద పనిచేసిన థామస్ మన్రో పొలం పొలం కొలిచి, జమీందారు ప్రమేయం లేకుండా రైతు దగ్గరే నేరుగా శిస్తు వసూలు చేసే పద్ధతిని నిలబెట్టారు. తర్వాత మద్రాసు రాజధానిలో చాలా భాగానికి వ్యాపించిన రైతువారీ విధానానికి పురిటిల్లు ఈ నేలే. ఈ సీమ సేలం జిల్లాలో భాగంగా ఉండి, 1965లో ధర్మపురి జిల్లాలోకి, 2004లో కొత్తగా ఏర్పడిన కృష్ణగిరి జిల్లాలోకి మారింది. 1960 ఏప్రిల్ 1న ఆంధ్రప్రదేశ్, మద్రాసు రాష్ట్రాలు సరిహద్దు ఊళ్లు మార్చుకున్నాయి. తిరుత్తణి మద్రాసు వైపు వెళ్లింది. కృష్ణగిరి తాలూకా నుంచి కొన్ని ఊళ్లు ఆంధ్రప్రదేశ్‌కు వచ్చాయి. హోసూరు, డెంకణికోటలు మాత్రం ఉన్నచోటే ఉండిపోయాయి.

రైతువారీ నేల రాసిన నవల

తెలుగు నవలలో పేదరికం రెండు రకాలుగా కనిపిస్తుంది. జమీందారీ, జాగీర్దారీ సీమల నవలల్లో ఎదురుగా ఒక మనిషి ఉంటాడు. దాశరథి రంగాచార్య 1969లో వెలువరించిన ‘చిల్లర దేవుళ్లు’లో తెలంగాణ పల్లెను పీడించేది దేశ్‌ముఖ్. వట్టికోట ఆళ్వారుస్వామి ‘ప్రజల మనిషి’లోనూ దొర ఎవరో, గడీ ఎక్కడుందో పాఠకుడికి తెలుసు. కోపానికి ఒక చిరునామా ఉంది. కథ తిరుగుబాటు వైపు నడవడానికి దారి ఉంది.

రైతువారీ మెట్టసీమలో అలాంటి దొర ఉండడు. రైతు తన చెక్కకు తానే పట్టాదారు. శిస్తు డబ్బులో కట్టాలి. వాన ఆలస్యమైతే వడ్డీకి అప్పు చేయాలి. అప్పు తీరకపోతే కాగితం మీద వేలిముద్ర పడుతుంది. ఆ తర్వాత వేలం. 1876 నుంచి 1878 దాకా సాగిన పెద్ద కరువులో సేలం జిల్లా బాగా దెబ్బతిన్న జిల్లాల్లో ఒకటి. ఇక్కడ శత్రువు ఆకాశంలో కొంత, వడ్డీలెక్కలో కొంత, కచేరీ రికార్డులో కొంత పంచుకుని ఉంటాడు. అలాంటి శత్రువును నవలలో పట్టుకోవడం కష్టం.

ఆ పని అందరికన్నా గొప్పగా చేసినవాడు కృష్ణగిరికి పొరుగున ఉన్న చిత్తూరు జిల్లా తలుపులపల్లెలో 1946లో పుట్టిన కేశవరెడ్డి. వైద్యుడిగా జీవితమంతా నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లి కుష్ఠు ఆసుపత్రిలో గడిపి, ఎక్కువగా పుట్టిన సీమ గురించే రాశాడు. ‘మూగవాని పిల్లనగ్రోవి’లో బక్కిరెడ్డి భూమి చేజారుతుంది. ఆ నష్టాన్ని రచయిత ఎకరాల్లోనో రూపాయల్లోనో చూపించడు. మనిషికీ నేలకూ ఉన్న బంధుత్వం తెగినప్పుడు మనిషి ఏమవుతాడో చూపిస్తాడు. భూమి పోయిన బక్కిరెడ్డి పేదవాడు కావడం ఒక్కటే కాదు, తనెవరో తనకే తెలియనివాడవుతాడు. నవల వాస్తవాన్ని దాటి పురాణగాథలోకి అడుగుపెట్టేది అక్కడే. ఆ అడుగు మీద విమర్శలు వచ్చాయి. కానీ వడ్డీ కాగితం రైతు మనసులో చేసే విధ్వంసాన్ని చెప్పడానికి వాస్తవిక వర్ణన చాలదని ఆయన గ్రహించాడనీ, ఆ గ్రహింపు సరైనదనీ ఈ వ్యాసకర్త నమ్మకం.

ప్రేమ్‌చంద్ ‘గోదాన్’ 1936లో ఇలాంటి పనే చేసింది. హోరీకి కావలసింది ఒక ఆవు. ఆవు ఇంటి ముందు ఉంటేనే రైతుగా నలుగురిలో పరువు. ఆ పరువు కోసం చేసిన అప్పే అతన్ని మింగుతుంది. లేమి, ఉనికి ఒకే ఆవు మెడకు కట్టి ఉన్నాయి. నామిని సుబ్రహ్మణ్యం నాయుడు ‘మునికన్నడి సేద్యం’ పరిమాణంలో చిన్నదే అయినా, చిత్తూరు సీమ చిన్న రైతు సేద్యాన్ని ఈ వరసలో నిలిపింది. వాసిరెడ్డి సీతాదేవి ‘మట్టిమనిషి’ నీళ్లున్న సీమది. సాంబయ్య చెమటోడ్చి కూడగట్టిన నేల తరువాతి తరంలో పట్నం పాలవుతుంది. మెట్టసీమ పాఠకుడికి ఆ పోగొట్టుకోవడం అర్థమవుతుంది, కూడగట్టడమే వింతగా తోస్తుంది.

మాలపల్లి, రాయవేలూరు

పేదల జీవితాన్ని కేంద్రంగా చేసుకున్న తొలి పెద్ద తెలుగు నవల తమిళసీమలో రాయబడింది. ఉన్నవ లక్ష్మీనారాయణ సహాయ నిరాకరణ కాలంలో రాయవేలూరు జైల్లో ఉండగా ‘మాలపల్లి’ రాశారు. 1922లో వెలువడిన ఆ నవలను మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. 1937లో వచ్చిన రాజాజీ మంత్రివర్గం ఆ నిషేధాన్ని తొలగించింది. ఆ రాజాజీ పుట్టింది ఈ సీమలోనే, హోసూరు దగ్గరి తొరపల్లిలో, 1878లో.

మంగళాపురం మాలపల్లెలోని రామదాసు కుటుంబం, కూలి తగాదా, సంగదాసు హత్య, వెంకటదాసు దారి మళ్లడం, ఇవన్నీ గుంటూరు సీమవి. అయినా సరిహద్దు నవలకు ‘మాలపల్లి’ ఒక ఒరవడి ఇచ్చింది. వాడుక మాటలు, తత్వాలు, జానపద గేయాలు, భజనలు కథలోకి తెచ్చి, కూలివాళ్ల సంస్కృతిని వాళ్ల ఆకలితోపాటే చూపించింది. రామదాసుకు పొట్టనిండా తిండి లేకపోవచ్చు, తత్వజ్ఞానానికి కరువు లేదు. పేదవాణ్ణి జాలిగొలిపే బొమ్మగా మార్చకుండా ఒక సంప్రదాయానికి వారసుడిగా నిలబెట్టడం ఉన్నవ చేసిన మేలు. తర్వాత వచ్చిన చాలా నవలలు ఆ మేలును మరిచిపోయాయి.

గోపల్ల: తమిళంలో రాసిన తెలుగు ఇల్లు

సరిహద్దు తెలుగువాళ్ల గురించి వచ్చిన నవలల్లో అన్నిటికన్నా పేరు పొందింది తెలుగులో రాసింది కాదు. కి. రాజనారాయణన్, తమిళులు కి.రా. అని పిలుచుకునే రచయిత, కోవిల్‌పట్టి దగ్గరి ఇడైచెవల్‌లో 1923లో కమ్మవారి కుటుంబంలో పుట్టారు. ఇంట్లో తెలుగు, రాతలో తమిళం. పెద్ద చదువు లేదు. సేద్యం చేశారు, రైతు పోరాటాల్లో పాల్గొన్నారు. నల్లరేగడి నేలను తమిళులు కరిసల్ అంటారు. ఆ నేల మనుషుల మాటను సాహిత్యంలోకి తెచ్చి, వాళ్ల పలుకుబళ్లతో ఒక నిఘంటువే కూర్చారు. ఆ తర్వాత పుదుచ్చేరిలో స్థిరపడి 2021లో అక్కడే కన్నుమూశారు.

1976లో వచ్చిన ‘గోపల్ల గ్రామం’ ఒక హత్యతో మొదలవుతుంది. నగల కోసం ఒక దొంగ ఒంటరిగా వెళుతున్న నిండు గర్భిణిని చంపుతాడు. ఊరు పంచాయితీ కూడుతుంది, శిక్ష వేస్తుంది. ఆ ఊరికి ఆ అధికారం ఎక్కడిది, ఆ మనుషులు ఎక్కణ్ణుంచి వచ్చారు అన్న ప్రశ్నతో కథ వెనక్కి వెళుతుంది. నూరేళ్లు ఎప్పుడో దాటేసిన ముసలమ్మ మంగత్తాయారు చెప్పే కథగా వలస గాథ సాగుతుంది. తెలుగుసీమలో చెన్నాదేవి అనే అందగత్తె మీద పాలకుడి కన్ను పడుతుంది. కుటుంబం రాత్రికి రాత్రి పారిపోతుంది. ఏటి ఒడ్డున చెట్టు వంగి దారి ఇస్తుంది. దక్షిణాన అడవి తగలబెట్టి, నేల చదును చేసి, ఊరు కడతారు.

దక్షిణాదికి వెళ్లిన తెలుగు కులాలు చాలావాటిలో ఇలాంటి గాథలే ఉన్నాయి: కన్య, పాలకుడు, పారిపోవడం, దారిచ్చిన ఏరు. కి.రా. చేసింది ఆ గాథను పొగడ్తగా మార్చకుండా సేద్యపు చరిత్రలో పాతిపెట్టడం. పారిపోయి వచ్చినవాళ్ల దగ్గర ఉన్న ఆస్తి వాళ్ల పని తెలివి. విత్తనం ఎంచడం, పశువును సాకడం, బావి తవ్వే చోటు గుర్తించడం. ఊళ్లో పెద్దదైన కోటవారి ఇంట్లో అన్నదమ్ములు తలా ఒక బాధ్యత పంచుకుని, ఒకరు పశువులు, ఒకరు లెక్కలు, ఒకరు ఊరి వ్యవహారం చూసుకునే తీరు నవలలో ఎంతో ఇష్టంగా రాయబడింది. సంపాదించిన నేలే వాళ్లను తమిళ నేలకు చెందినవాళ్లను చేసింది. తెలుగు ఇంట్లో మిగిలింది. నవల చివరికి కంపెనీ పోయి రాణి పాలన వస్తుంది. కథ కొనసాగింపుగా వచ్చిన ‘గోపల్లపురత్తు మక్కళ్’ స్వాతంత్ర్యోద్యమం ఊరిదాకా చేరిన తీరు చెప్పి, 1991లో సాహిత్య అకాడమీ పురస్కారం పొందింది.

ఇక్కడ ఒక ఇబ్బందికర సంగతి దాచకూడదు. గోపల్ల తెలుగువాళ్లు పేదలుగా వచ్చారు, కానీ పేదలుగా మిగల్లేదు. భూమి వాళ్లది, కూలి వేరేవాళ్లది. నవల ఆ కూలివాళ్ల వైపు నుంచి ఎక్కువగా చూడదు. తమ కులపు జ్ఞాపకాన్ని అంత ప్రేమగా రాసిన రచయిత ఆ ప్రేమ అంచులు కూడా చూపించాల్సింది. ఆ లోటును కొంత పూడ్చింది సు. వెంకటేశన్ ‘కావల్ కోట్టం’ (2008). మదురై చుట్టూ ఆరు శతాబ్దాల కథ చెబుతూ, విజయనగరం వెంట వచ్చిన తెలుగువాళ్లు పాలకులుగా స్థిరపడటం, కావలి వృత్తి బతుకైన కళ్లర్లు ఆంగ్లేయుల కాలంలో నేరస్థ తెగల చట్టం కింద నలగడం రెండూ చూపించింది. 2011లో దానికీ సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. కేశవరెడ్డి ‘చివరి గుడిసె’లో యానాదుల బతుకు చదివినవాళ్లకు ఆ రెండో భాగం దగ్గరగా అనిపిస్తుంది.

కథ చెప్పే గొంతు ఎవరిది

ఉనికి గురించిన నవలలో భాష అలంకారం కాదు. కథ చెప్పే అధికారం ఎవరి చేతిలో ఉందో చెప్పే గుర్తు. పాత్రలు యాసలో మాట్లాడి, రచయిత మాత్రం ప్రామాణిక భాషలో వర్ణిస్తే, ఆ పాత్రలు ఎంత ఆత్మీయంగా ఉన్నా అద్దాల వెనకే ఉండిపోతారు. కేశవరెడ్డి ఎక్కువగా ఈ పద్ధతిలోనే రాశాడు. ఆయన ప్రతిభ దాన్ని మోసుకుపోయింది, అందరి వల్లా అయ్యేది కాదు. నామిని ఆ అద్దాన్ని పగలగొట్టాడు. ఆయన రచనల్లో చెప్పేవాడూ ఊరివాడే. కి.రా. తమిళంలో చేసింది అదే.

డెంకణికోట, హోసూరు సీమకు ఈ మలుపు మరీ అవసరమైంది. ఇక్కడి తెలుగు పత్రికల తెలుగు కాదు. రాగి కళ్లం దగ్గరి మాటలు, కపిల బావి మాటలు, కన్నడంతో నూరేళ్లుగా రాసుకుపూసుకున్న మాటలు అందులో ఉన్నాయి. పులికాట్ ఒడ్డు ఊళ్ల జీవితాన్ని ‘ప్రళయకావేరి కథలు’గా రాసిన స.వెం.రమేశ్ హోసూరు సీమలోనూ తెలుగు కోసం పనిచేశారు. ఇక్కడి రచయితలు ఊరి మాటలోనే రాసిన కతలు మొరసునాడు పేరుతో పుస్తకాలుగా వచ్చాయి. ఆ కతల్లో దేవర జాతర, వాన కోసం చేసే మొక్కులు, సంగటి కుండ, పొలం అమ్ముకున్న నాటి రాత్రి అన్నీ ఒకే ఊపిరిలో వస్తాయి.

నవలకన్నా కత ఇక్కడ ఎక్కువగా సాగడానికి కారణాలు సాహిత్యంలో వెతికితే దొరకవు. నవలకు తీరిక కావాలి, ప్రచురణ కావాలి, అన్నిటికన్నా ముందు చదివేవాళ్లు కావాలి. తమిళనాడు ప్రభుత్వం 2006లో తెచ్చిన తమిళ అభ్యసన చట్టం తమిళాన్ని ఒకటో తరగతి నుంచి మొదలుపెట్టి ఏటా ఒక తరగతి చొప్పున తప్పనిసరి చేసుకుంటూ పోయింది. పదో తరగతి పరీక్షలో మినహాయింపు కోసం భాషా అల్పసంఖ్యాకులు కోర్టుల చుట్టూ తిరగాల్సి వచ్చింది. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లవాడు తెలుగు అక్షరాలు చదవలేని స్థితి వచ్చింది. తల్లిదండ్రులను తప్పుపట్టడానికి లేదు. కూలి చేసుకునే తల్లి పిల్లవాడికి ఉద్యోగం దొరికే భాష కోరుకుంటుంది. పేదరికం భాష మీద పనిచేసే తీరు ఇంతకన్నా స్పష్టంగా ఎక్కడా కనిపించదు. దీన్ని ఒక కుటుంబం కథగా, మూడు తరాల మీదుగా రాయగల చేయి కోసం ఈ వస్తువు ఎదురుచూస్తోంది.

సరిహద్దుకు ఇటువైపు కుప్పంలో 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం ఏర్పడింది. తెలుగు, తమిళం, కన్నడం మూడూ ఒకచోట చదువుకునే వీలు కృష్ణగిరికి పొరుగునే దొరికింది. మొరసునాడు రచనకు సహజమైన పాఠకలోకం ఈ మూడు భాషలది. ఒక్క తెలుగు పాఠకుల మీదే ఆధారపడితే ఆ రచన బక్కచిక్కిపోతుంది.

అడవి అంచు

డెంకణికోట తాలూకా జీవితంలో సగం అడవి అంచున గడుస్తుంది. బన్నేరుఘట్ట వైపు నుంచి జవళగిరి మీదుగా ఏనుగుల మందలు రాగి పండే రోజుల్లో దిగుతాయి. రాత్రంతా చేలో మంచె మీద కూర్చుని, డబ్బాలు కొట్టి, టపాకాయలు పేల్చి కాపలా కాయాలి. ఒక్క రాత్రి కన్ను మూతపడితే ఏడాది సంగటి పోయినట్టే. మనిషి ప్రాణం కూడా పోతుంటుంది. అయినా ఏనుగును ఇక్కడి రైతు వినాయకుడని దండం పెట్టే తరిమేది.

ఈ స్థితికి దగ్గరగా వచ్చిన తెలుగు నవల కేశవరెడ్డి ‘అతడు అడవిని జయించాడు’. తప్పిపోయిన చూలు పందిని వెతుక్కుంటూ ఒక ముసలివాడు అడవిలోకి పోతాడు. పొద్దుగూకడం నుంచి తెల్లవారేదాకా నడిచిన కథ. పంది అతని ఆస్తి, అతని తిండి, అతని కులం మీద లోకం వేసిన ముద్ర కూడా. ఊళ్లో ఏ గౌరవమూ లేని ఆ ముసలివాడు అడవిలో అన్నీ తెలిసినవాడు. చెట్టు, అడుగుజాడ, నక్క అరుపు చదవగలడు. ఆ తెలివికి ఊరు ఏ విలువా కట్టదన్న నిజం నవలలో ఎక్కడా ప్రసంగంగా రాదు.

తమిళంలో ఇదే కొండల వరసకు నైరుతిన, సత్యమంగళం అడవుల్లో ఉండే సోలిగుల మీద ‘సోలగర్ తొట్టి’ ఉంది. న్యాయవాది, పౌరహక్కుల కార్యకర్త అయిన ఎస్. బాలమురుగన్ 2004లో వెలువరించాడు. సాగు నేల పోగొట్టుకోవడం, అడవి మీద హక్కు పోవడం, అడవి దొంగ వీరప్పన్ వేట పేరుతో ప్రత్యేక దళం పెట్టిన చిత్రహింసలు అందులో ఉన్నాయి. మొదటి సగంలో తెగ పండుగలు, దేవతలు, తేనె సేకరణ నింపాదిగా వస్తాయి. రెండో సగంలో ఏం నాశనమైందో పాఠకుడికి తెలిసేది ఆ నింపాది వల్లనే.

కర్మాగారం వచ్చాక

1970లలో సిప్‌కాట్ పారిశ్రామిక వాడతో హోసూరు రూపు మారింది. అశోక్ లేలాండ్, టీవీఎస్, టైటాన్ లాంటి కంపెనీలు వరసగా వచ్చాయి. రాగి చేల చోట గులాబీ తోటల పాలిథీన్ గుడారాలు లేచాయి. ప్రేమికుల దినానికి ముందు వారాల్లో ఆ తోటల్లో పగలూ రాత్రీ పని నడుస్తుంది. ఇటీవల కెలమంగలం, ఉద్దనపల్లె దిక్కున టాటా ఎలక్ట్రానిక్స్ ఫోన్ భాగాల కర్మాగారం పెట్టి వేల సంఖ్యలో యువతులకు పని ఇచ్చింది.

ప్రపంచ నవలలో ఈ మార్పుకు పెద్ద నమూనాలున్నాయి. స్టైన్‌బెక్ 1939లో రాసిన ‘ద గ్రేప్స్ ఆఫ్ రాత్’లో ఓక్లహోమా నుంచి కదిలిన జోడ్ కుటుంబం పొలంతోపాటు పేరూ ఊరూ కూడా పోగొట్టుకుని, దారిలో అందరికీ ‘ఓకీ’లు అయిపోతుంది. తెలుగులో చంద్రలత ‘రేగడి విత్తులు’ (1997) వలసకు ఇంకో ముఖం చూపింది. కోస్తా రైతులు తెలంగాణకు తరలి పోయి కొత్త నేలలో విత్తనంతోపాటు తమ అలవాట్లూ నాటుకున్న తీరు అది. హోసూరు సీమలో జరిగింది ఈ రెండింటికీ భిన్నం. ఇక్కడ రైతు ఎక్కడికీ కదల్లేదు. ఉన్న ఊళ్లోనే ఉండగా చుట్టూ లోకం మారి, తన పొలం మీద లేచిన షెడ్డులో తన కొడుకు కాంట్రాక్టు కూలీగా చేరాడు.

ఆ షెడ్డులో పక్క మిషన్ దగ్గర పనిచేసేది ఒడిశా నుంచి, బీహార్ నుంచి వచ్చిన పిల్లలు. సూపర్‌వైజర్ తమిళంలో అరుస్తాడు, నోటీసు ఇంగ్లీషులో అంటిస్తారు, క్యాంటీన్‌లో హిందీ వినిపిస్తుంది. షిఫ్టు వ్యాన్‌లో డెంకణికోట వైపు తిరిగి వచ్చే అమ్మాయి తల్లికి ఫోన్ చేసి మాట్లాడేది మాత్రం తెలుగే. ఆమె జీతం ఇంటి అప్పు తీర్చింది, చెల్లెలి చదువుకు పనికొచ్చింది, పెళ్లి రెండేళ్లు వాయిదా వేసే ధైర్యమిచ్చింది. పాత రైతు నవల ఆమెను గుర్తించదు. ఆమెకు భూమి లేదు కాబట్టి భూమి పోయిన దుఃఖం లేదు. ఆమె సంపాదన ఇంట్లో తండ్రి మాటకన్నా బరువు తూగుతుంది. కేశవరెడ్డి, నామిని, కి.రా. రాసిన లోకంలో ఆడవాళ్ల శ్రమ ఎప్పుడూ ఉంది, కానీ వాళ్ల చేతిలో జీతం కవరు లేదు. మొరసునాడు కొత్త కతల్లో ఈ అమ్మాయి అప్పుడప్పుడు తొంగి చూస్తోంది. నవల రాసేవాళ్లకు ఆమె వ్యాన్ ఎక్కే వేళ నుంచి మొదలుపెట్టడానికి కావలసినంత ఉంది: హాస్టల్ గదిలో నాలుగు భాషలు, నెలాఖరు జీతం లెక్కలు, ఊళ్లో జాతరకు సెలవు దొరకని బాధ, అవ్వ పాడిన పాట సగమే గుర్తున్న సంగతి.